వరుసలో మన ముందున్నది ఎవరు?

సిద్ధగోరాలో ఉగాది భోజనాల నమోదు నుంచి తత్కాల్ టికెట్ల దాకా, మనుషుల పేర్లతో వరుసలో దూరుతున్న యంత్రాల కథ

ఉగాదికి ఇంకా మూడు వారాలుంది. జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా, బారీడీ, అగ్రికో, భాలుబాసా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ ఒకపూట కలవాలని ఇక్కడి కుర్రాళ్ళు కొందరు తలపెట్టారు. పంచాంగ శ్రవణం, పచ్చడి, పిల్లల పాటలు, మధ్యాహ్నం భోజనం. ఎందరికి వండించాలో ముందే తెలియాలి కాబట్టి పేర్లు నమోదు చేసుకోవడానికి మా మేనల్లుడు చిన్న వెబ్ యాప్ ఒకటి తయారు చేశాడు. పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు, ఇంటి నుంచి ఎందరు వస్తారు. నాలుగు గడులు, కింద ఒక బటన్. రాత్రి తొమ్మిదింటికి లింకును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి పడుకున్నాడు.

తెల్లారి చూస్తే నమోదులు వందల్లో ఉన్నాయి. వాడి మొహం వెలిగిపోయింది. "మావయ్యా, మనవాళ్ళు ఇంతమంది ఉన్నారేంటి ఇక్కడ!" అంటూ ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

పట్టికలో మొదటి పాతిక వరుసలు బాగానే ఉన్నాయి. నాకు తెలిసిన ఇంటిపేర్లు, తెలిసిన వీధులు. ఒకాయన పేరు గడిలోనే "మేం ముగ్గురం, అత్తగారు వస్తే నలుగురం" అని రాసుకొచ్చాడు. ఆ తర్వాత పట్టిక తీరు మారిపోయింది. రెండు గంటల పద్నాలుగు నిమిషాల ఏడో సెకనుకు ఒకరు. ఎనిమిదో సెకనుకు ఇంకొకరు. తొమ్మిదో సెకనుకు మరొకరు. పేర్లు చూస్తే నోరు తిరగని అక్షరాల కలగాపులగం. కొన్నింటిలో పేరే లేదు. మీకు బహుమతి వచ్చింది, ఇక్కడ నొక్కండి అని ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని పక్కన ఒక లింకు. ఇంటి నుంచి ఎందరు అన్నచోట అందరూ ఒకటే అంకె వేశారు. అర్ధరాత్రి దాటాక సెకనుకొకరు చొప్పున ఉగాది భోజనానికి వస్తామన్న ఆ జనంలో మనిషన్నవాడు ఒక్కడూ లేడు.

వాటిని బాట్లంటారు. ఫారాలు నింపడమే పనిగా రాసిన ప్రోగ్రాములు అవి. ఆ రోజంతా మేమిద్దరం వాటి వెనకాలే పడ్డాం. నేను రాస్తున్న ఈ కథనం ఆ గదిలోనే మొదలైంది.

నాకు మొదట వచ్చిన అనుమానం మీకూ వచ్చే ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో ఒక మూల జరిగే ఉగాది భోజనం సంగతి ఈ యంత్రాలకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పనక్కర్లేదట. కొత్త సైటు పెట్టి దానికి భద్రతా సర్టిఫికెట్ తీసుకోగానే ఆ సైటు పేరు లోకమంతా చూడగలిగే చిట్టాల్లోకి ఎక్కుతుంది. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు తప్పు చేస్తే పట్టుకోవడానికి పెట్టిన మంచి ఏర్పాటు అది. ఆ చిట్టాలనే బాట్లు కూడా రాత్రింబవళ్ళు చదువుతుంటాయి. కొత్త ఇంటికి గుమ్మం ఎత్తిన కబురు ఊరికంటే ముందు వాటికి చేరుతుంది.

మరి ఇక్కడ వాటికి దొరికేదేముంది? దొరుకుతుంది. పేరు నమోదైన వెంటనే "నమస్కారం, ఫలానా గారూ" అని ఈమెయిల్ పంపేలా మావాడు యాప్‌ను రాశాడు. పేరు గడిలో మోసపు లింకు, ఈమెయిల్ గడిలో ముక్కూ మొహం తెలియని ఎవరిదో చిరునామా పెడితే చాలు, ఆ మోసపు ఉత్తరాన్ని మన యాప్ తన చేత్తోనే మోసుకెళ్ళి ఇస్తుంది. పంపినవాడి పేరు మనది. చెడ్డపేరూ మనదే. ఇంతకంటే దుర్మార్గం మరొకటుంది. ఎవరి బ్యాంకు ఖాతానో కొల్లగొట్టేటప్పుడు వాళ్ళ ఈమెయిల్‌ను వేలాది సైట్లలో ఒకేసారి నమోదు చేస్తారు. ఆ స్వాగతాల వరదలో "మీ ఖాతా నుంచి డబ్బు వెళ్ళింది" అన్న బ్యాంకు వారి ఒక్క మెయిల్ మునిగిపోతుంది. ఉగాది భోజనానికి పెట్టిన ఫారం ఎక్కడో ఎవరో నష్టపోవడానికి సాయం పట్టి ఉండవచ్చు. ఆ మాట విన్నాక మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు.

టీ తాగడానికి వచ్చిన పక్కింటి పెద్దాయన మా మాటలు విన్నాడు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకు వచ్చి కంపెనీలో చేరి, అక్కడే రిటైరైన మనిషి. జంషెడ్‌పూర్‌లో కంపెనీ అంటే ఒకటే కంపెనీ. అంతా విని ఆయన అడిగిన ప్రశ్న ఇది:

"అయితే బాబూ, మన తత్కాలు టికెట్లు ఎగరేసుకుపోయేటియి కూడా ఈటి చుట్టాలేనేటి?"

"ఈటికి పెద్దన్నలు తాతా" అన్నాడు మావాడు.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళకు తత్కాల్ చిన్న విషయం కాదు. 1907లో టాటా స్టీల్ పుట్టింది. మరుసటి ఏడాది సాక్చిలో పని మొదలైంది, 1912లో మొదటి ఉక్కు వచ్చింది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని, కాలీమాటీ స్టేషనుకు టాటానగర్ అని పేరు మారింది. అప్పటినుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెలవాళ్ళు తరాలుగా ఈ స్టేషన్లో దిగుతూనే ఉన్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఆ జనం పెంచుకున్నవే. ఇప్పుడు నాలుగో తరం హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడుతోంది. అయినా చావుకీ, పెళ్ళికీ, ఊరి అమ్మవారి పండక్కీ ఇంటికి పోవలసిందే. రాయగడ మీదుగా పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, విశాఖ చేర్చే రైళ్ళే ఈ ఊరికి పుట్టింటి దారి. పెళ్ళికైతే రెండు నెలల ముందు టికెట్టు కొనుక్కోవచ్చు. చావు కబురు ముందే రాదు కదా. అలాంటి కబురు అందినవాళ్ళ కోసమే 1997లో తత్కాల్ పెట్టారు. బయల్దేరే ముందు రోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు తలుపు తెరుచుకుంటుంది.

తెరుచుకున్న ఆ తలుపు దగ్గర జరిగేది 2025 జూన్‌లో రైల్వే శాఖే బయటపెట్టింది. బుకింగ్ మొదలైన తొలి 5 నిమిషాల్లో టికెట్ల సైటులోకి వచ్చే లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవేనట. ఉదయం పదకొండు కొట్టగానే సిద్ధగోరాలో వేలు వణుకుతూ ఫోన్ నొక్కే మనిషికి ముందూ వెనకా నిలబడ్డవాళ్ళలో సగం మంది దాకా మనుషులు కారన్నమాట. ఆ సంవత్సరం మే 22న ఒకే నిమిషంలో 31,814 టికెట్లు అమ్ముడయ్యాయి. ఐఆర్‌సీటీసీ చరిత్రలో అంతకుముందెన్నడూ ఒక్క నిమిషంలో అన్ని టికెట్లు పోలేదు. ఇంత జోరులో ఒక్క సెకను వెనకబడినా బెర్తు వెయిటింగ్ లిస్టులోకి జారిపోతుంది.

టికెట్లు కొల్లగొట్టే బాటుకు వేగం ఒక్కటే ఉంటే సరిపోదు. ముందు దానికి ఖాతాలు కావాలి. ఒక ఖాతాకు నెలకు ఇన్ని టికెట్లే అన్న హద్దు ఉంది. 2022 జూన్ నుంచి ఆధార్ జత చేయని ఖాతాకు నెలకు 12, జత చేసినదానికి 24. కాబట్టి టికెట్ల దొంగ మొదటి పని టికెట్టు కొనడం కాదు, దొంగ పేర్లతో ఖాతాలు తెరవడం. నమోదు గుమ్మం దాటేశాడంటే మిగతా కోట సగం అతని చేతికి చిక్కినట్టే. రైల్వే శాఖ 2025 జూన్ నాటి ఆ ప్రకటనలోనే 2.5 కోట్లకు పైగా అనుమానాస్పద ఖాతాలను మూసేసినట్టు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలో అది 3.02 కోట్లయింది. పదినిమిషాల ముచ్చటకు పుట్టి మాయమయ్యే తాత్కాలిక ఈమెయిల్ చిరునామాలు ఇచ్చే డొమైన్లను 6,800కు పైగా నిషేధించారు. సైబర్ నేరాల పోర్టల్‌లో 134 ఫిర్యాదులు పెట్టారు.

మూడు కోట్ల ఖాతాలు! జార్ఖండ్ జనాభా 2011 లెక్కల్లో 3.3 కోట్లు. ఇంచుమించు ఒక రాష్ట్రమంత దొంగ జనం ఆ క్యూలో నిలబడి ఉన్నారన్నమాట.

ఈ వ్యాపారం చేసినవాళ్ళ కథలు కూడా చెప్పుకోవాలి. 2017 డిసెంబరులో సీబీఐ పట్టుకున్న ఒక ముఖ్య నిందితుడు సీబీఐలోనే ప్రోగ్రామరు. అంతకుముందు ఐఆర్‌సీటీసీలో నాలుగేళ్ళు పనిచేసి ఆ వ్యవస్థ లోతుపాతులన్నీ ఎరిగినవాడు. నియో అనే సాఫ్ట్‌వేర్ రాసి ఏజెంట్లకు ఇచ్చి, బిట్‌కాయిన్‌లోనూ హవాలాలోనూ డబ్బు పుచ్చుకున్నాడని అభియోగం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇతన్ని మాత్రం సొంత సంస్థే పట్టుకుంది. 2020 జనవరిలో రైల్వే రక్షక దళం భువనేశ్వర్‌లో ఒక యువకుణ్ణి పట్టుకుంది. సొంతూరు మన జార్ఖండ్. అతని దగ్గర టికెట్ల సైటు వ్యక్తిగత ఖాతాలు 563 దొరికాయి. ఆ మరుసటి నెలలో ఆ దళం అధిపతి ఒక లెక్క చెప్పారు. మామూలు ప్రయాణికుడికి టికెట్టు తీసుకోవడానికి 2.55 నిమిషాలు పడితే, దొంగ సాఫ్ట్‌వేర్‌కు 1.48 నిమిషాలు చాలు. సైటు పెట్టిన క్యాప్చాలనూ, బ్యాంకు ఓటీపీనీ అవి దాటేస్తున్నాయని కూడా చెప్పారు.

చట్టానికి ఈ నేరాన్ని గుర్తు పట్టడానికి కొంతకాలం పట్టింది. కేరళలోని కొట్టాయంలో వందల దొంగ ఖాతాలు తెరిచి టికెట్లు అమ్మాడని ఒకరి మీద కేసు పెడితే, ఇంటర్నెట్ టికెట్లు రాకముందు చేసిన 1989 నాటి రైల్వే చట్టం దీనికి వర్తించదని హైకోర్టు కొట్టేసింది. 2025 జనవరి 9న సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. చట్టం పుట్టినప్పుడు ఈ-టికెట్టు లేకపోయినంత మాత్రాన 143వ సెక్షను పనిచేయకుండా పోదని తేల్చింది. ఆ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కౌంటరు దగ్గర తోసుకుని ముందుకెళ్ళినా, తెర వెనక వందమంది వేషం కట్టి ముందుకెళ్ళినా వరుసను దొంగిలించడం ఒకటేనని నాకైతే ఆ తీర్పు చెప్పినట్టనిపించింది.

ఈ బెడద రైళ్ళతో మొదలైంది కాదు. 2000లో యాహూ సంస్థకు సరిగ్గా ఇదే తలనొప్పి వచ్చింది. ఉచిత ఈమెయిల్ ఖాతాలను బాట్లు వేలల్లో తెరిచి వాటితో చెత్త మెయిళ్ళు పంపుతున్నాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాన్యుయెల్ బ్లమ్, ఆయన శిష్యుడు లూయిస్ వాన్ ఆన్, మరికొందరు కలిసి దానికి ఒక ఉపాయం చెప్పారు. అక్షరాలను మెలితిప్పి, గీతలు గీసి చూపించండి, మనిషి చదవగలడు, యంత్రం చదవలేదు అన్నారు. దాని పేరే క్యాప్చా. తర్వాత వాన్ ఆన్ స్వయంగా లెక్క వేసి చూసుకున్నాడు. రోజూ లోకమంతా కలిసి 20 కోట్ల క్యాప్చాలు నింపుతోంది, ఒక్కోదానికి పది సెకన్లు పడుతున్నాయి, అంటే రోజుకు ఐదు లక్షల గంటల మనుషుల కాలం బూడిదలో పోస్తున్నామని బాధపడ్డాడు. ఆ శ్రమను పాత పుస్తకాలు, పత్రికలు డిజిటల్ చేయడానికి మళ్ళించాలని రీక్యాప్చా తెచ్చాడు. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది.

దొంగలూ ఊరుకోలేదు. 2010 నాటికే క్యాప్చాలు చదివిపెట్టే కూలి పని ఒకటి పుట్టుకొచ్చింది. భారత్, బంగ్లాదేశ్, చైనాల్లో ఎవరో తెర ముందు కూర్చుని వెయ్యి చదివిపెడితే ఇంచుమించు ఒక డాలరు. అప్పటి మన డబ్బులో యాభై రూపాయలు కూడా కాదు. నేను మనిషినేనని రుజువు చేయడానికి పెట్టిన పరీక్షను, అంత చవకకు తన కళ్ళు అమ్ముకునే మరో మనిషి చేత యంత్రం రాయించింది. నన్ను ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఎక్కువ కలచివేసింది ఇదే. ఇప్పుడు ఆ కూలి కూడా అక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖ పరిశోధకులు 2023లో 1,400 మంది చేత క్యాప్చాలు చేయించి చూస్తే, బాట్లు మనుషుల కంటే వేగంగా, తక్కువ తప్పులతో చేస్తున్నాయని తేలింది.

అంటే ఈ పరీక్షలో నెగ్గేది యంత్రం, తప్పేది మా పక్కింటి పెద్దాయన. చూపు ఆననివాళ్ళు, ఫోన్ తెర మీద ఆ చిన్న చదరాల్లో ట్రాఫిక్ దీపాలు వెతకలేనివాళ్ళు, ఇంగ్లీషు అక్షరాల్లో సున్నాకూ ఓకూ తేడా పోల్చుకోలేనివాళ్ళు తప్పుతున్నారు. చూపు పూర్తిగా లేనివాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంకా గట్టి క్యాప్చా పెడదాం అనేవాళ్ళతో నేను ఒప్పుకోలేను. దొంగ కోసం గోడ ఎత్తు పెంచుతూ పోతే ముసలివాళ్ళు లోపలికి రాలేకపోతారు. నిచ్చెన ఉన్న దొంగకు ఎత్తుతో పనేముంది?

మరి ఏం చేయాలి? మా మేనల్లుడి గదిలో ఆ రోజంతా నడిచింది ఈ చర్చే.

ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఆపడం మొదట తట్టే ఆలోచన. ఒకే చిరునామా నుంచి పది నిమిషాల్లో ఐదుగురు నమోదైతే ఆపేయాలని వాడు మొదట రాసుకున్నాడు. వెంటనే తనే కొట్టేశాడు. మన మొబైల్ కంపెనీల దగ్గర చిరునామాలు తక్కువ, వాడేవాళ్ళు ఎక్కువ కాబట్టి వందలాది ఫోన్లు బయటికి ఒకే చిరునామాతో కనిపిస్తాయి. సాయంత్రం ఏడింటికి ఒకే టవరు కింద ఉన్న పది ఇళ్ళు ఫారం నింపితే ఐదిళ్ళకు తలుపు మూసుకుపోతుంది. డబ్బున్న దొంగ మాత్రం వెయ్యి చిరునామాలు అద్దెకు తెచ్చుకుంటాడు.

ఓటీపీ పెడదామన్నాను నేను. దానికీ ఇబ్బందులున్నాయి. ప్రతి ఎస్సెమ్మెస్‌కూ డబ్బు కట్టాలి. బాటు వెయ్యి దొంగ నంబర్లు ఇస్తే వెయ్యి ఎస్సెమ్మెస్‌ల బిల్లు చందాల డబ్బులోంచి పోవాలి. కొన్ని ముఠాలు ఖరీదైన విదేశీ నంబర్లకు ఇలా ఓటీపీలు తెప్పించి, ఆ చార్జీలో వాటా పంచుకోవడమే వ్యాపారంగా పెట్టుకున్నాయి. పైగా సిమ్ కార్డుంటే మనిషి ఉన్నట్టే అనుకునే రోజులు పోయాయి. దొంగ పేర్ల మీద తీసిన సిమ్‌లు ఎన్ని చేతులు మారతాయో ఫోన్ మోసాలకు పేరుమోసిన జామ్‌తారా ఉన్న రాష్ట్రంలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

రైల్వే పట్టుకున్న దారి ఆధార్. 2025 జులై 1 నుంచి ఆధార్ జత చేసిన ఖాతాకే ఆన్‌లైన్లో తత్కాల్ టికెట్టు. జులై 15 నుంచి దానికి ఓటీపీ కూడా. మొదటి అరగంట అధికారిక ఏజెంట్లకు సైతం తత్కాల్ కిటికీ మూసేశారు. ఆ ఏడాది అక్టోబరు 1న మామూలు రిజర్వేషన్ తెరిచే తొలి పావుగంటను కూడా ఆధార్ ఖాతాలకే కేటాయించారు. వీటన్నిటికంటే ముందే, ఆధార్ చూపించకుండా కొత్తగా నమోదైనవాళ్ళకు మూడు రోజులు దాటాకే తత్కాల్, తొలిరోజు రిజర్వేషన్ అందుతాయన్న నియమం వచ్చింది. దొంగ దృష్టితో చూస్తే ఆ మూడు రోజుల నియమం బలమైన దెబ్బ. ఈ రాత్రి వెయ్యి ఖాతాలు పుట్టించి రేపు ఉదయం దోచుకుందామంటే కుదరదు. ఆ మూడు రోజుల్లో ఖాతాల నడకను గమనించి, ఒకే గూటి పక్షుల్ని ఏరిపారేయవచ్చు.

కానీ చావు కబురు వచ్చిన రోజే మొట్టమొదటిసారి ఖాతా తెరిచేవాడు కూడా ఉంటాడు. ఆధార్ జత చేస్తే ఆ మూడు రోజులు ఆగనక్కర్లేదు, నిజమే. జత చేయాలంటే ఆధార్‌కు ఎక్కించిన ఫోన్ నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు ఎవరి దగ్గరుంది? ఇక్కడి ముసలివాళ్ళలో చాలామందికి అది బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకుది. లేకపోతే ఎప్పుడో రీచార్జి ఆపేసిన పాత నంబరు. నంబరు మార్చుకుందామని ఆధార్ కేంద్రానికి పోతే వేలిముద్ర అడుగుతారు. ముప్పై ఐదేళ్ళు ఇనుము పట్టిన వేళ్ళ మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? పెద్దాయన తన కుడిచేతి బొటనవేలు నాకు చూపించాడు. నున్నటి గులకరాయిలా ఉంది. కనుపాపతో చేసే వీలుందని తెలిసిన కేంద్రం దొరికితే గట్టెక్కుతాడు.

ఆధార్ వద్దనడం నా ఉద్దేశం కాదు. కోట్ల దొంగ ఖాతాలున్నచోట, ఒక్కో బెర్తుకూ ఒక అవసరం ముడిపడి ఉన్నచోట, గట్టి తాళం వేయక తప్పదు. గట్టి తాళం వేసినచోట తాళంచెవి పోగొట్టుకున్నవాడు పిలిస్తే పలికే మనిషిని కూడా కూర్చోబెట్టాలని మాత్రం అంటాను. దొంగ ఖాతాలని కొట్టేసిన కోట్లలో పొరపాటున పోయినవి ఉంటే వాటి యజమాని ఎవరికి మొరపెట్టుకోవాలి, ఎన్నాళ్ళలో జవాబు వస్తుంది అన్నది తాళమంత ముఖ్యం.

ఉగాది భోజనానికి ఆధార్ అడగలేం కదా. మావాడు చివరికి ఎంచుకున్నవి చిన్న చిన్న ఉపాయాలు. ఈమెయిల్‌కు లింకు పంపి, దాన్ని నొక్కాకే పేరు ఎక్కించడం ఒకటి. ఆ మెయిల్లో ఎవరు రాసిన పేరూ కనబడదు, ఉట్టి నమస్కారమే. ఫారం తెరిచిన రెండు సెకన్లలో నింపేస్తే అనుమానించడం మరొకటి. మనిషి ఎంత తొందరపడినా తన పేరు రాసుకోవడానికే అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటాడు. మూడోది నాకు బాగా నచ్చింది. నమోదు బటన్ నొక్కేముందు ఫారం నింపేవాళ్ళ కంప్యూటరు చేతే ఒక చిన్న లెక్క చేయించడం. మనిషికి అది తెలియనే తెలియదు, ఒక్క క్షణంలో అయిపోతుంది. లక్షసార్లు నమోదు చేయాలనుకునే యంత్రానికి మాత్రం కరెంటూ కాలమూ ఖర్చవుతాయి. సింథియా డ్వర్క్, మోనీ నవోర్ అనే శాస్త్రవేత్తలు 1992లోనే, చెత్త మెయిళ్ళు ఇంకా ముంచెత్తకముందే చెప్పిన ఆలోచన ఇది. భారం మోయాల్సింది ఎవరో వాళ్ళు సరిగ్గా గుర్తించారు.

నాలుగోది దొంగ గడి. ఫారంలో ఐదో గడి ఒకటి పెట్టి, తెర మీద కనిపించకుండా దాచేస్తారు. మనిషికి కనిపించదు కాబట్టి నింపడు. బాటు తెరను చూడదు, లోపలి కోడు చదువుతుంది. ఖాళీ గడి కనిపిస్తే ఆగలేదు, నింపేస్తుంది. నింపినవాళ్ళకు "ధన్యవాదాలు, మీ పేరు అందింది" అని చూపించి, పేరును మాత్రం పక్కన పారేయాలి. దొరికిపోయానని బాటుకు తెలియకూడదు కదా. ఎలుకకు బోను పెట్టినట్టే. ఆ గడికి లోపల కంపెనీ అని పేరు పెట్టాడు మావాడు.

అన్నీ పెట్టాక ఆ రాత్రి వరద ఆగిపోయింది. రెండో రోజు, మూడో రోజు పట్టికలో తెలిసిన ఇంటిపేర్లే. వాడు గర్వపడ్డాడు, నేనూ పడ్డాను.

వారం తర్వాత పెద్దాయన టీకి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు సాయంత్రం సూర్యమందిరం వైపు నడకకు వెళ్తుంటే దారిలో ఎదురయ్యాడు. అటూ ఇటూ మాట్లాడి, ఆఖరుకి నెమ్మదిగా అన్నాడు.

"ఉగాదికి అందరికీ మెయిలు వచ్చిందంట గదా బాబూ. మాకు రాలేదు. నేను పేరు రాసినాను. అందిందని కూడా సూపించింది. పోన్లే, ఎక్కువమంది అయిపోనారేమో, మమ్మల్ని తీసేసినారు గాబోలు అనుకున్నాం."

ఆ మాటకు నా గుండె జారిపోయింది. ఇంటికొచ్చి మావాణ్ణి కూర్చోబెట్టాను. పారేసిన పేర్లను వాడు అదృష్టవశాత్తు చెరిపేయలేదు, వేరే పట్టికలో ఉంచాడు. అందులో వందల చెత్త వరుసల మధ్య పెద్దాయన పేరు ఉంది. ఈమెయిల్ సరైనదే. ఫోన్ సరైనదే. ఇంటి నుంచి ఐదుగురు. ఫారం నింపడానికి ఆయనకు ఆరు నిమిషాలు పట్టింది. ఐదో గడి, మనిషికి కనిపించని ఆ గడి, నిండి ఉంది. అందులో టాటా స్టీల్ అని ఉంది.

ఆయన రాయలేదు. ఆయన ఫోన్ రాసింది. కూతురు ఆ ఫోన్ కొనిచ్చినప్పుడు పేరు, చిరునామా, పనిచేసిన చోటు అన్నీ అందులో భద్రపరిచింది, ఎక్కడైనా ఫారం నింపాల్సి వస్తే నాన్న కష్టపడకూడదని. బ్రౌజరు ఆ పని తూచా తప్పకుండా చేసింది. కంపెనీ అన్న గడి కనిపించగానే ఆయన బతుకంతా పనిచేసిన చోటు పేరు రాసేసింది. మా యాప్ ఆయన్ని యంత్రమని తేల్చి, మొహం మీద ధన్యవాదాలు చెప్పి, వెనక నుంచి పేరు తీసి పారేసింది.

మావాడు ఆ పట్టికను మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. రాత్రి ఒంటిగంట దాటింది. ఇంకో మూడు కుటుంబాలు బయటపడ్డాయి. బారీడీ నుంచి ఒకరు, భాలుబాసా నుంచి ఇద్దరు. దొంగ గడి పేరు మార్చి, ఏ ఫోనూ నింపడానికి వీల్లేని అర్థంలేని అక్షరాలు పెట్టాడు. బ్రౌజరు తనంతట తాను దాన్ని ముట్టుకోకుండా, కళ్ళు లేనివాళ్ళకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని బయటికి చదవకుండా రెండు వరుసలు అదనంగా రాశాడు. అనుమానం వచ్చిన నమోదును ఇకనుంచి పారేయకుండా, "మీ పేరు ఇంకా ఖాయం కాలేదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని చూపించేలా మార్చాడు. కింద తన సొంత నంబరు ఇచ్చాడు. బాట్లు ఎలాగూ ఫోన్ చేయవు.

పొద్దున ఏడింటికి నేను లేచేసరికి వాడు చొక్కా వేసుకుంటున్నాడు. మూడిళ్ళకు ఫోన్ చేసేశాడట. నాలుగో ఇంటికి ఫోన్ చేయనన్నాడు. మా ఇంటికీ పెద్దాయన ఇంటికీ మధ్య ఉన్నది ఒక పిట్టగోడ, ఒక వేపచెట్టు. గేటు తీసుకుని, గోడ చుట్టి, వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టాడు.

"తాతా, ఐదుగురే వస్తారా, ఊరి నుంచి ఇంకెవరైనా వస్తున్నారా? రాసుకుంటాను" అనడం ఇటు మా వరండాలోకి వినిపించింది.